సముద్రంలో పడ్డ ఉపగ్రహం మా ఇంటికి చేసిన మేలు

"అది అటక మీదికి పోవాల్సిందే" అంటారు మా ఆయన. "నడవలోనే ఉంటాది" అంటాను నేను. ఇద్దరి మధ్యా మా అమ్మాయి లూదియా రేకు పెట్టె.

పొద్దున కాఫీతో మొదలైన ఈ వాదన మధ్యాహ్నం మజ్జిగన్నం దాకా సాగింది. ఆలోగా ఆ పెట్టె ఎన్నిసార్లు స్టూలెక్కిందో, ఎన్నిసార్లు దిగిందో దానికే తెలియాలి. గోడకానుకుని వక్కాకు నములుతున్న మా అత్త రాములమ్మ మాత్రం తిరునాళ్లలో రంగులరాట్నం చూస్తున్నట్టు తల పైకెత్తుతూ, కిందికి దించుతూ కూర్చుంది.

"ఉపగ్రహమే పడిపాయె! ఇంగ ఈ పెట్టె ఈడ ఉండి ఏం జేస్తాది?" అన్నారు మా ఆయన.

"ఉపగ్రహం పడింది సముద్రంలో. పెట్టె ఉండేది మన నడవలో. దానికీ దీనికీ ఏంది సమ్మంధం?" అన్నాను.

"నీకు సైన్సు తెల్దు. ఊరికుండు."

తెలియదు. ఒప్పుకుంటాను. మా ఆయన దేవరాజు గారు నంద్యాలలో హైస్కూలు సైన్సు మాస్టారు. నేను ఆ సైన్సు మాస్టారికి అన్నం వండే మనిషిని. అయినా వంట చేస్తూ, గిన్నెలు తోముతూ, ఈ వారమంతా నేను కూడా కొంత పరిశోధన చేశాను. ఆ పరిశోధనలో తేలిన సత్యాన్ని జంకు లేకుండా ప్రకటిస్తున్నాను: సమాచార ఉపగ్రహాలు ఆకాశానికి చేరితే కలిగే లాభం కంటే, చేరకుండా పడిపోతే కలిగే లాభమే ఎక్కువ!

కోప్పడకండి. ముందు వినండి.

వారం మొదట్లో రేడియో వార్తల్లో చెప్పారు. ఎవరో పరదేశం వాళ్లు ఎగరేసిన రాకెట్టు మొదటి దశ బాగా మండింది, రెండో దశ బాగా మండింది. మూడో దశ అంటుకోలేదు. నెత్తిన పెట్టుకుని పోతున్న ఉపగ్రహంతో సహా సముద్రంలో పడింది. ఖండాల మధ్య టెలిఫోను మాటల్నీ టీవీ బొమ్మల్నీ చేరవేయాల్సిన ఉపగ్రహమట. అది మన దేశానిది కాదు. నంద్యాలకు దానితో బంధుత్వమూ లేదు, లావాదేవీలూ లేవు.

మా ఆయన ఆ రాత్రే నా టిఫిన్ క్యారియరు తెచ్చి చాప మీద పెట్టి, జరిగింది అత్తకు వివరించారు. కింది గిన్నె మొదటి దశ. అది మండి ఊడిపోవాలి. తీసి పక్కన పెట్టారు. నడిమి గిన్నె రెండో దశ. అదీ తీసి పక్కన పెట్టారు. పై గిన్నె మూడో దశ, దాని మూత ఉపగ్రహం. "ఇది అంటుకోల్యామ్మా" అని మూతను దబ్బుమని కింద పడేశారు.

అత్త ఉలిక్కిపడింది. "దాంట్లో ఎవురన్నా మనుషులుండిరా?"

"ల్యారు."

"మరి దేనికిరా అంత ఏడుపు?" అని వక్కాకు సంచి విప్పుకుంది.

నా పరిశోధనకు బీజం అక్కడే పడింది. నిజమే, దేనికి ఏడుపు? మర్నాటి నుంచి ఊరంతా గమనించాను. ఏడ్చేవాడొక్కడూ కనిపించలేదు! అందరి మొహాల్లోనూ ఒక తేటదనం, ఒక నిశ్చింత.

మా పక్కింటి ఖాసింకు రేడియోలూ టీవీలూ బాగుచేసే అంగడి ఉంది. మొన్నటిదాకా అతన్ని చూస్తే జాలేసేది. బాగుచేసి ఇచ్చిన సెట్టు మర్నాడే తిరిగొచ్చేది, దాని వెనకే మనిషి అరుచుకుంటూ వచ్చేవాడు. ఇప్పుడో? ఖాసిం సెట్టు విప్పను కూడా విప్పడు. ఆకాశం వైపు వేలు చూపిస్తాడు.

"సెట్లో ఏం ల్యాదప్పా. పైనే పడిపాయె గదా!"

ఆ మనిషి చావింటికి వచ్చినవాడిలా తలొంచుకుని, సెట్టును చంకన పెట్టుకుని వెళ్లిపోతాడు. ఖాసిం భార్య మాబూబీ గోడ మీంచి నాతో చెప్పింది: "ఇన్నేండ్లకు నా మొగుడు మద్దేన్నం ఇంట్లో కంటినిండా నిద్రపోయినాడు వదినా. ఆ పడిందాన్ని అల్లా సల్లగా సూడాల."

ఉపగ్రహం పైకి చేరితే ఏ దేశంలోనో ఎవరికో బొమ్మ కనబడుతుంది. పడిపోతే మాబూబీ మొగుడికి నిద్ర పడుతుంది. ఏది మేలో మీరే చెప్పండి!

పాలు పలచగా ఉన్నాయేమని, గోస్పాడు నుంచి వచ్చే పాల కొండయ్యను అడిగాను. "బర్రె బెదిరిందమ్మా. ఆకాశం మీంచి ఏందో పడిందంట గదా" అన్నాడు. ఆ సముద్రమెక్కడ, గోస్పాడు బర్రె ఎక్కడ! అయినా నేను నోరు మూసుకున్నాను. శాస్త్ర విషయాల్లో బర్రెతో వాదించడం మర్యాద కాదు.

కోయిలకుంట్లలో మా పెదనాయన కొడుకున్నాడు. శనగల కోతలు కాగానే ఒక బస్తా పంపిస్తానని మాటిచ్చాడు. అప్పట్నుంచి నంద్యాల వచ్చినప్పుడు నన్ను దూరాన చూస్తే చాలు, పక్క సందులోకి తిరిగేవాడు. ఈ వారం ఆయనే నాకు ఎదురొచ్చాడు, ఛాతీ విరుచుకుని! "కబురు జేద్దామనే ఉంటి చెల్లే. లైన్లు యాడుండాయి?" అన్నాడు. శనగలు టెలిఫోను తీగలో వస్తాయని ఇంతకాలం నాకు తెలియనే తెలియదు. మీకు తెలుసా?

రుద్రవరం దగ్గర ఒక పల్లెలో తళతళలాడే రేకు ఒకటి చేలో పడి ఉందట. ఊరు ఊరంతా కదిలి చుట్టూ నిలబడింది. ముట్టుకుంటే చేతులు పడిపోతాయని ఒకరు, ముట్టుకుంటే ఉద్యోగమిస్తారని ఒకరు. తీరా చూస్తే అది వాళ్ల బడి పైకప్పు రేకే, మొన్నటి గాలికి లేచిపోయింది. ఊరివాళ్లు ఏం చేశారనుకుంటున్నారు? రేకును అక్కడే వదిలేసి, ఉపగ్రహం తగిలి బడి కప్పు పోయిందని అర్జీ పెట్టుకున్నారు. గాలికి పోయిందని ఎన్నిసార్లు రాసినా కదలని ఫైలు, ఈ దెబ్బకు కదిలిందట!

అంతెందుకు, మా చర్చి సంఘం బుధవారం కూటంలో ఎవరో లేచి, ఆ పడిపోయిన దాని కోసం ప్రార్థన చేయాలన్నారు. సంఘపెద్ద ఇమ్మానుయేలు గారు ఒప్పుకోలేదు. పోయినవాళ్ల కోసం ప్రార్థన చేయడం మన ప్రొటెస్టెంటు పద్ధతి కాదన్నారు. పోయింది మనిషి కాదు కదా అని ఇంకొకరు. మనిషి కాకపోతే అసలే వద్దని మరొకరు. కాసేపు గట్టిగానే వాదించుకుని, చివరికి దాని కింద పడి ఉండే చేపల కోసం ప్రార్థన చేసి ఇళ్లకు పోయారు. ఇంత శాంతి సమాధానం మా సంఘంలో ఈ మధ్య కుదిరిందే లేదు.

ఇక మా ఇంటి మేలు.

లూదియాకు టెలిఫోను శాఖలో ఆపరేటరు ఉద్యోగం వచ్చింది. పరీక్ష రాసింది, నెగ్గింది. కర్నూల్లో ట్రైనింగు కూడా ముగించుకుని వచ్చింది. చెవులకు ఆ డిప్పలు తగిలించుకుని, కళ్లు మూసుకుని కూడా ఏ తీగ ఏ బెజ్జంలో గుచ్చాలో చెప్పగలనంటుంది. అక్కడిదాకా మా ఆయన గట్టిగా అడ్డుపడలేదు. పోస్టింగు నంద్యాలలోనే ఇస్తారు, నడిచి పోయి నడిచి వస్తుందనుకున్నారు. ఆర్డరేమో ఆళ్లగడ్డకు వచ్చింది. సోమవారం పొద్దున్నే పోయి చేరాలి. చేరకపోతే ఆ ఉద్యోగం వరసలో ఉన్న ఇంకొకరికి పోతుంది.

ఆళ్లగడ్డ పరదేశమా? బస్సెక్కితే ఒక కునుకు తీసేలోగా వస్తుంది. అక్కడ మా ఆడబిడ్డ జయలక్ష్మి ఉంది. వాళ్లింట్లో ఒక గది ఖాళీగా ఉంది. ఇంకేం కావాలి?

ఉపగ్రహం కావాలి! అదీ పడిపోయినది కావాలి!

మీరు నమ్మరు గానీ, నిరుడు ఏదో ఉపగ్రహం క్షేమంగా పైకి చేరిందని పేపర్లో వచ్చినప్పుడు మా ఆయన ఏమన్నారో నాకు బాగా గుర్తుంది. "ఇంగ అంతా పైనుంచే. మనిషి కూర్చోని లైను కలిపే పనే ఉండదు. ఆపరేటర్లనందర్నీ ఇండ్లకు పంపిస్తారు. ఆ ఉద్యోగం దేనికీ పిల్లకు?" అన్నారు. సరే, ఇప్పుడు ఒకటి పడిపోయింది. అంటే ఆపరేటర్లకు మంచి రోజులొచ్చినట్టే కదా? కాదట! "అన్నన్ని దుడ్లు పోసి ఎగరేసిన ఉపగ్రహాలే నిలబడంల్యా. ఈ శాఖ ఏం నిలబడ్తాది?"

పైకెక్కితే ఒక కారణం. కింద పడితే ఒక కారణం. ఎక్కకుండా, పడకుండా మధ్యలో నిలిచిపోతే ఏమంటారో తెలుసుకోవాలని నాకెంతో కుతూహలం. శాస్త్రజ్ఞులు ఎవరైనా అదీ ప్రయత్నించి చూస్తే బాగుండును.

అసలు కారణం వేరే ఉంది. నాకు తెలుసు, ఆయనకు తెలుసు, చివరికి గోడ మీది బల్లికి కూడా తెలుసు. ఆ ఉద్యోగంలో రాత్రి డ్యూటీ ఉంటుంది. ఆర్డరు వచ్చిన మర్నాడే, ఆదివారం మా ప్రార్థన గుడి మెట్ల మీద కమలాక్షమ్మ అనే పెద్దావిడ ఆయన్ను ఆపి నవ్వుతూ అడిగింది: "ఏమప్పా మాస్టరూ, మీ లూదియా రేయంతా మేలుకోని ఊరోళ్లందరితో హలో హలో అంటాదంటనే?" ఆయన కూడా నవ్వేశారు. ఇంటికొచ్చి అన్నం సరిగా తినలేదు. ఆ మాట ఆయన గొంతులో చేపముల్లులా ఇరుక్కుంది. బయటికి తీస్తే, కమలాక్షమ్మకు భయపడ్డానని ఒప్పుకోవాలి. సైన్సు మాస్టారు ఒప్పుకోగలరా? సరిగ్గా ఆ సమయానికి పాపం పరదేశం వాళ్లు రాకెట్టు వదిలారు. మా ఆయన పరువు కాపాడడానికి అది పోయి సముద్రంలో పడింది. ఎవరు చేస్తారండీ ఇంత త్యాగం?

అయినా నేను న్యాయంగానే అడిగాను. జయలక్ష్మితో ఒకసారి మాట్లాడండి, రాత్రిపూట తోడుకు ఏమన్నా వీలవుతుందేమో కనుక్కోండి అన్నాను. ఆయన పోస్టాఫీసుకు పోయి, జయలక్ష్మి పనిచేసే బడికి ట్రంక్ కాల్ బుక్ చేసి, సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చుని తిరిగొచ్చారు. లైను దొరకలేదు. ఆయన మొహంలో విచారం వెతికాను. దొరకలేదు.

"నేను జెప్పల్యా? ఉపగ్రహం ల్యాకపోతే యాడ కలుస్తాది?"

అప్పుడు మా అత్త వక్కాకు నమలడం ఆపింది. "ఒరే దేవరాజూ, ఆళ్లగడ్డకు పొయ్యే ఆ కంబాలు, తీగలు రోడ్డు పొడుగూతా నిలబడే ఉండాయి గదరా. మొన్న బస్సులో వస్తా చూస్తి. ఒక్కటి గూడా పడల్యా."

"నీకు తెల్దులేమ్మా. కంబాల్లో మాట పోవాలన్నా పైనుంచే రావాల."

"అట్లనా?" అంది అత్త అమాయకంగా. "ఆ తీగల మింద కాకులు కూర్చోని ఉన్నెలే. పైనుంచి వచ్చేది అవే ఏమో."

లూదియా నవ్వాపుకోలేక నీళ్ల బిందె తీసుకుని పెరట్లోకి పోయింది. ట్రైనింగైన పిల్ల. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు మాట ఎలా పోతుందో మా ఇంట్లో అందరికంటే దానికే బాగా తెలుసు. కానీ దాన్ని ఎవరూ అడగలేదు.

ఇంతకీ మా ఇంట్లో మాటలు ఎలా పోతాయో మీకు చెప్పలేదు కదూ?

నేరుగా పోవు. పెళ్లయిన కొత్తలోనే మేము ఉపగ్రహ పద్ధతి కనిపెట్టాం. పేటెంటు తీసుకోలేదు, అంతే.

దీపాలు పెట్టే వేళకు మా ఇంట్లో కుటుంబ ప్రార్థన. నడవలో చాప పరుస్తాం. ఒక పాట, బైబిల్లో ఒక వాక్యం, తర్వాత చిన్నవాళ్ల నుంచి పెద్దవాళ్ల వరకు వరసగా ప్రార్థన. ముందు లూదియా, తర్వాత నేను, తర్వాత అత్త. అన్నిటికంటే చివర ఇంటి యజమాని ముగింపు ప్రార్థన. ఆ వెంటనే అందరికీ కంఠతా వచ్చిన పరలోక ప్రార్థన కలిసి చెప్పి ఆమెన్ అంటాం. ఒకరు ప్రార్థన చేస్తున్నంతసేపు మిగిలినవాళ్లు కళ్లు తెరవకూడదు, నోరు తెరవకూడదు. దేవుడితో మాట్లాడుతున్న మనిషికి అడ్డుపడే ధైర్యం ఎవరికుంటుంది?

కాబట్టి మొగుడితో చెప్పలేనిది దేవుడితో చెబుతాను. మాట నేల మీంచి పైకి పోతుంది. పైన తగిలి, మూరెడు దూరంలో కళ్లు మూసుకుని కూర్చున్న మనిషి చెవిలో దిగుతుంది. మా ఆయన బడిలో బోర్డు మీద వేసి చూపించే ఉపగ్రహం బొమ్మ అచ్చంగా ఇదే!

ఈ పద్ధతిలో నేను సాధించినవి తక్కువేమీ కాదు. పెరట్లో తడికల స్థానంలో గోడ లేచింది ఇలాగే. అత్త కంటికి ఆపరేషను అయింది ఇలాగే. ఒకటే ఇబ్బంది. ముగింపు ప్రార్థన ఆయనది. అంతవరకు మేము పైకి ఎగరేసినవాటన్నిటినీ ఆయన చివర్లో తాపీగా కూల్చేయగలరు.

ఈ వారమంతా అదే జరిగింది.

"తండ్రీ, మా బిడ్డకు చదువిచ్చినావు, ఉద్యోగమిచ్చినావు. దారిలో అడ్డంగా ఉన్న రాళ్లను గూడా నువ్వే తీయి" అని నేను పంపితే, ముగింపులో జవాబు దిగింది: "తండ్రీ, ఈ ఇంట్లో కొందరు మమ్మల్ని రాళ్లనుకుంటాండారు. వాళ్లను క్షమించు. ఆకాశంలో నువ్వు చూపించిన గుర్తును తేలిగ్గా తీసుకునే బుద్ధి మాకు రాకుండా కాపాడు."

అంటే ఆ రాకెట్టు మూడో దశను దేవుడే ఊది ఆర్పేశాడన్నమాట! అదీ మా లూదియా ఆళ్లగడ్డ బస్సెక్కకుండా ఉండడానికి! కారణం తెలియక అక్కడ పెద్ద పెద్ద వాళ్లంతా కమిటీ వేసుకుని తలలు పట్టుకున్నారట. నంద్యాలకు ఒక కార్డు ముక్క రాసి ఉంటే సరిపోయేది.

అత్త మాత్రం ఎవరి పక్షమూ చేరలేదు. వానలు పడాలని, మోకాళ్ల నొప్పి తగ్గాలని రోజూ చేసే ప్రార్థనే చేసింది.

లూదియా ఏమడిగిందంటారా? మొదట్లో తన కోసం అడిగేది. గురువారం నుంచి మానేసింది. "కర్నూల్లో నాతో ట్రైనింగు చేసిన పిల్లలందర్నీ, వాళ్లు చేరిన ఊర్లలో చల్లగా చూడు ప్రభువా" అంది. అంతే. ఆమెన్ అనకుండానే ఊరుకుంది. ఆ మాట పైకి పోయిందో లేదో గానీ, నా దగ్గరే ఆగిపోయింది.

నేను చాలా తేలికగా రాసుకుంటూ వచ్చాను. కానీ ఆ టిఫిన్ క్యారియరు మా వంటింట్లోనే ఉంది. రోజూ నేనే తోముతున్నాను. కింది గిన్నె తోముతుంటే పదో తరగతి గుర్తొస్తుంది. నడిమి గిన్నె తోముతుంటే ఆ పరీక్ష, ఆ ట్రైనింగు గుర్తొస్తాయి. రెండూ ఎంత బాగా మండాయి! మా వీధిలో అలా రెండు దశలూ బాగా మండిన ఆడపిల్లలు ఇంటికొకరు కనిపిస్తారు. మూడోదే అంటుకోదు. అగ్గిపెట్టె ఎవరి జేబులో ఉందో రేడియోలో చెప్పరు.

సముద్రంలో పడిన దానికి బీమా ఉందట. దాని కోసం పత్రికలన్నీ కాలమ్‌లకు కాలమ్‌లు బాధపడ్డాయి. ఈ పిల్లలు సముద్రంలో పడరు, చప్పుడు కాదు. వంటింట్లో పడతారు. పడ్డాక కూడా అన్నం వారుస్తూ, తాలింపు వేస్తూ కనిపిస్తారు కాబట్టి, పడినట్టు ఎవరికీ అనుమానం రాదు. నేను ఏ సంవత్సరంలో పడ్డానో నాకే సరిగా గుర్తులేదు.

క్షమించండి. మేలు గురించి కదా చెబుతున్నాను! మళ్లీ దారిలోకి వస్తాను.

శనివారం నాటి వాదనే మీరు మొదట విన్నది. మజ్జిగన్నం తర్వాత నేను అలిసిపోయాను. పెట్టె అటకెక్కింది. మా ఆయన స్టూలు దిగి, చేతులు దులుపుకుని, "శాస్త్రం శాస్త్రమే" అన్నారు. లూదియా తలెత్తి అటక వైపు ఒకసారి చూసింది. తర్వాత పోయి అంట్లు ముందేసుకుని కూర్చుంది. అత్త లేచి, "వక్కాకు అయిపాయె, తెచ్చుకుంటా" అని చెప్పులేసుకుంది.

"నేను తెస్తాలే అవ్వా" అని లూదియా లేవబోతే, "నువ్వు తెచ్చేది కారంగా ఉండదు" అని కర్ర టకటకలాడించుకుంటూ వెళ్లింది. వక్కాకు అంగడి మా వీధి మలుపులోనే ఉంది. ఆమె మాత్రం బాగా పొద్దుపోయాక వచ్చింది. చీర కుచ్చిళ్లకు బస్టాండు దుమ్ము. అడిగితే, మంచి ఆకు దొరకలేదంది.

ఆదివారం గుడి నుంచి వచ్చాక కూడా ఎక్కడికో పోయి వచ్చింది. అప్పుడూ ఆకు దొరకలేదంది. నోట్లో మాత్రం ఆకు ఉంది.

సాయంత్రం చాప పరిచాం. పాట అయింది, వాక్యం అయింది. లూదియా ప్రార్థన గొణిగినట్టు చేసి ఊరుకుంది. తర్వాత నేను. నాకు ఇంక ఎగరేయడానికి ఏమీ మిగల్లేదు. ఆరోగ్యం, అన్నం, అని నాలుగు మాటలు చెప్పి ఆపేశాను. అత్త వంతు వచ్చింది. అత్త తాపీగా మోకాళ్లు నిమురుకుంటూ కూర్చుంది. కాసేపు చూసి మా ఆయన గొంతు సవరించుకున్నారు.

"నువ్వు ఉండప్పా" అంది అత్త. "ఈ పొద్దు ముగింపు నేను జేస్తా. నీ గొంతు బొంగురు పోయిండాది."

"నా గొంతుకేమాయమ్మా? బాగనే…"

"కండ్లు మూసుకో."

మూసుకున్నారు. తల్లి కళ్లు మూసుకోమంటే, అదీ ప్రార్థన చాప మీద, మూసుకోని కొడుకు మా సంఘంలో ఇంకా పుట్టలేదు. మా అత్త చీర కొంగు నెత్తి మీదికి లాక్కుంది. ఎప్పుడూ పలికే మెల్లని గొంతుతోనే, వానల గురించి అడిగినంత మామూలుగా మొదలుపెట్టింది.

"స్తోత్రం ప్రభువా. నా బిడ్డ జయలక్ష్మి ఆళ్లగడ్డ నుంచి కబురు పంపిచ్చినందుకు నీకు స్తోత్రం. నిన్న బస్సు కండక్టరు నోట మాట పాయె, ఈ పొద్దు బస్సు కండక్టరు నోట మాట వచ్చె. నడమ ఒక్క మాట గూడా కింద పడల్యా. అందుకు నీకు స్తోత్రం. గది తుడిచి పెట్టినారంట. రేపు పొద్దన్నే తొలి బస్సుకు నా మనమరాలు లూదియా పోతాండాది. ఆడ ఉద్యోగంలో చేరతాండాది."

మా ఆయన కదిలిన చప్పుడైంది. అడ్డుపడడానికి ఆయనకు అవకాశం లేదు. అత్త మాట్లాడుతున్నది ఆయనతో కాదు.

"పిల్లకు తోడు నేను గూడా పోతాండా ప్రభువా. అది రేయి డ్యూటీకి పోతే దాని ఎంబడి పోతా. ఆ ఆపీసు వసారాలో పండుకుంటా. నాకెట్లా నిద్ర రాదు గదా, నీకు తెల్సు. దాన్ని ఎవురన్నా ఏమన్నా అనాలనుకుంటే, వచ్చి నాతో అనమను. నాకు చెవులు సరిగ్గా వినపడవు, అదీ నీకు తెల్సు. నా కొడుకు మంచోడు ప్రభువా. వాడు కారణాలు శానా జెప్పినాడు. వాడు చెప్పని భయం ఒకటుంది, అది గూడా నీకు తెల్సు. ఆ భయాన్ని నువ్వు తీసుకో. అటక మింద ఉండే పెట్టెను కిందికి దించే బలం వానికి ఇయ్యి."

ఇక్కడ ఆమె ఆగుతుందనుకున్నాను. ఆగితే మా ఆయన నోరు తెరుస్తారు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. ఊపిరి కూడా తీసుకోకుండా, అదే గొంతుతో పరలోక ప్రార్థన ఎత్తుకుంది. అది ఎత్తుకున్నాక అందరూ కలవాల్సిందే. నేను కలిశాను. లూదియా కలిసింది. కాసేపటికి మా ఆయన కూడా కలిశారు.

అత్త ఆమెన్ అంది. నేను అన్నాను. లూదియా అంది.

మా ఆయన ఆమెన్ కొంచెం ఆలస్యంగా వచ్చింది. అయినా ట్రంక్ కాల్ కంటే ముందే వచ్చింది లెండి.